మిషను ఆపినా వేళ్లు పోయాయి: రిపేరు టైములో చేతులు కాపాడుకునేది ఎట్లా?

విభాగం: మిల్లులు, కార్ఖానాలు, మెయింటెనెన్సు పని

జిన్నింగ్ ఫిట్టర్ (వరంగల్)
5 జనవరి 2025, రాత్రి 10:52

అందరికీ నమస్తే. వరంగల్ దగ్గర ఒక జిన్నింగ్ (పత్తి నుంచి గింజ వేరు చేసే) మిల్లులో ఫిట్టర్‌ని. కరెంటు పని కూడా నేనే చూస్తాను. పదకొండు సీజన్ల నుంచి ఇదే పని. పోయిన నెల 19న నైట్ షిఫ్టులో నా హెల్పరుకు కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. అప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. ఇంట్లో చెప్పుకోలేను. మిల్లులో ఎవరితో మాట్లాడినా తప్పు ఎవరిది అనే దగ్గరికే పోతోంది మాట. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జరిగింది జరిగినట్టు చెప్తాను. జిన్నుల కింద పడిన గింజలను తోసుకుపోవడానికి స్క్రూ కన్వేయరు ఉంటుంది. పొడుగాటి తొట్టి, అందులో మర లాగా తిరిగే ఇనుప రెక్క, పైన మూత. ఆ రాత్రి తడి పత్తి వచ్చింది. సీసీఐ (కేంద్రం పత్తి సంస్థ) కొనుగోళ్లు జోరు మీద ఉన్నాయి, గేటు బయట బండ్లు లైను కట్టి ఉన్నాయి. ఒంటిగంట దాటాక గింజ ముద్ద కట్టి స్క్రూ పట్టేసింది. నేను ప్యానెల్ దగ్గరికి పోయి ఎర్ర బటన్ నొక్కి, తిరిగొచ్చి "ఆఫ్ చేసిన, మూత తియ్" అన్నాను. అతను బోల్టులు విప్పి, మూత పక్కన పెట్టి, చేత్తో ముద్దను లాగుతున్నాడు. నేను పెద్ద స్పానరు కోసం టూల్ బాక్సు దగ్గరికి నడిచాను. ఇరవై అడుగులు ఉంటుందేమో.

మా ప్యానెల్ మీద పద్నాలుగు స్టార్టర్లు ఉన్నాయి. పేర్లు ఎప్పుడో పెయింటుతో రాశారు, దూది దుమ్ముకు ఇప్పుడు సగం కనబడవు. అవతలి జిన్ను మీద పనిచేసే మనిషి తన ఫీడరు ఆగిందని వచ్చి, ట్రిప్ అయిందేమో అనుకుని, వరసగా రెండు పచ్చ బటన్లు నొక్కాడు. అందులో ఒకటి మా స్క్రూది.

ఆ స్క్రూ వేగంగా తిరగదు. చుట్లు కళ్లతో లెక్కపెట్టొచ్చు. అందుకే అదంటే మిల్లులో ఎవరికీ భయం లేదు. కానీ గేర్ బాక్సు మీద నడిచేది, వేలు అడ్డం వచ్చిందని ఆగదు.

తెగిన వేళ్లను కర్చీఫులో చుట్టి, రోడ్డు మీద టీ హోటల్లో ఐసు అడిగి, టిఫిన్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య పెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాం. అతకవు అన్నారు. అతనికి ముప్పై ఏండ్లు, ఇద్దరు చిన్న పిల్లలు.

నేను ఆపి వచ్చాను కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది చాలడం లేదు. మీ మిల్లుల్లో ఎట్లా చేస్తున్నారు, దయచేసి చెప్పండి.

---

రైస్‌మిల్ సూపర్‌వైజర్ (సుల్తానాబాద్)
5 జనవరి, రాత్రి 11:30

చదివి చాలా బాధేసింది తమ్ముడూ. ఆ అబ్బాయి తొందరగా కోలుకోవాలి.

అయితే ఒక మాట చెప్పాలి. నేను ఇరవై ఏండ్లుగా మనుషులతో పని చేయిస్తున్నాను. ఎలివేటరు బకెట్లలో చెయ్యి పెట్టొద్దని రోజూ చెప్తాను. నా ముందు సరే అంటారు, నేను అటు తిరగగానే పెడతారు. గ్లవ్స్ ఇస్తే పక్కన పడేస్తారు. మనిషికి తన చేతి మీద తనకే జాగ్రత్త లేకపోతే సూపర్‌వైజర్ ఏం చేస్తాడు? మీ దగ్గర కూడా ఆ బటన్ నొక్కినవాడు ఒక్కసారి కేకేసి అడిగి ఉంటే సరిపోయేది.

---

పాత ఫిట్టరు (కాజీపేట)
6 జనవరి, ఉదయం 6:15

సూపర్‌వైజర్ గారూ, మీ మాటకు కోపం తెచ్చుకోను. నేను కూడా చాలా ఏండ్లు అట్లాగే అనుకున్నాను. కానీ జాగ్రత్త అనేది మనిషి బుర్రలో పెట్టే వస్తువైతే అది రాత్రి రెండింటికి నిద్రపోతుంది. ఇనుములో పెట్టాలి దాన్ని. కేకేసి అడగాలంటున్నారు. అరడజను జిన్నులు నడుస్తుంటే మనిషి చెవిలో అరిచినా వినబడదు.

మా నాయిన ఆజంజాహి మిల్లులో ఫిట్టరు. మేం చిన్నగా ఉన్నప్పుడు ఆయన అంగీ జేబులో ఒక్కోసారి పింగాణీ ఫ్యూజు క్యారియర్ ఉండేది. రిపేరుకు పోయేముందు మిషను ఆపడమే కాదు, ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. పని అయ్యేదాకా అది ఆయన జేబులోనే. మిల్లు 2002లో మూతపడ్డది, నాయిన కూడా పోయిండు. నేను నేర్చుకున్న పని మొత్తంలో దీన్ని మించింది లేదు.

ఇప్పుడు ఫ్యూజుల కాలం కాదు కాబట్టి ఐసోలేటరుకు, అంటే కరెంటును పూర్తిగా తెంపే స్విచ్‌కు తాళం. బయట కంపెనీల్లో లాకౌట్ ట్యాగౌట్ అంటారు. అమెరికాలో 1989లోనే దానికి రూలు పెట్టారు. పేరు ఏదైనా విషయం ఒక్కటే: చెయ్యి ఎవరిది లోపల ఉంటుందో తాళం చెవి వాడి జేబులోనే ఉండాలి.

తమ్ముడూ, నువ్వు చేసిందాంట్లో తేడా ఎక్కడ వచ్చిందో చెప్తా, మనసుకు పెట్టుకోకు. ఎర్ర బటన్ మిషన్ని ఆపుతుంది, అంతే. కరెంటు స్టార్టర్ దాకా వచ్చి నిలబడే ఉంటుంది, ఎవరు పచ్చది నొక్కితే వాళ్ల మాట వింటుంది. ఎమర్జెన్సీ బటన్ కూడా అంతే, దాన్ని తిప్పి వదిలేస్తే మళ్లీ సిద్ధం. ఐసోలేటరు దించితేనే కరెంటు తెగినట్టు. తాళం వేస్తేనే అది తెగి ఉన్నట్టు.

ఆ తర్వాత ఇంకో పని ఉంది, చాలామంది చేయరు. తాళం వేసి వచ్చాక స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. తిరగకపోతేనే మూత తీయాలి. నేను ఒకసారి తప్పు ఐసోలేటరుకు తాళం వేశాను, ఈ నొక్కి చూసే అలవాటే నన్ను కాపాడింది.

కరెంటు పోయాక కూడా మిషన్లో ఊపు మిగిలి ఉంటుంది. పెద్ద ఫ్యాను, ఫ్లైవీలు, బీటరు స్విచ్ తీశాక కూడా చాలాసేపు తిరుగుతాయి, చప్పుడు ఉండదు కాబట్టి ఆగినట్టే అనిపిస్తుంది. పత్తిని బేళ్లుగా నొక్కే ప్రెస్సులో ఆయిలు ప్రెషరు నిలిచి ఉంటుంది. పైకి లేచి ఉన్న ప్లేటు కింద కట్టె ఆనించకుండా చెయ్యి పెట్టొద్దు. డ్రైవులు (మోటారు వేగం మార్చే డబ్బాలు) ఉన్న మిషన్లయితే కెపాసిటర్లలో కరెంటు దిగడానికి డబ్బా మీద రాసిన నిమిషాలు ఆగాలి.

గ్లవ్స్ సంగతి కూడా ఒక మాట. బ్లేడు మార్చేటప్పుడు, రేకు మోసేటప్పుడు గ్లవ్స్ కావాలి. తిరిగే షాఫ్టు, రోలరు, డ్రిల్లింగ్ మిషను దగ్గర గ్లవ్సే చేతిని లోపలికి గుంజుకుపోతాయి. 1440 చుట్ల మోటారు ఒక్క సెకనులో 24 సార్లు తిరుగుతుంది. మనిషి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాగడానికి పావు సెకను పడుతుంది అనుకున్నా అప్పటికే ఆరు చుట్లు చుట్టేస్తుంది. గ్లవ్స్ పక్కన పడేసినవాళ్లలో కొందరికి ఆ సంగతి తెలిసే పడేశారేమో, ఒకసారి అడగండి.

---

సాంచల ముచ్చట (సిరిసిల్ల)
6 జనవరి, మధ్యాహ్నం 1:40

కాకా, చాలా బాగా చెప్పారు. మా దగ్గర పరిస్థితి వేరు. ఒక్క మనిషి ఎనిమిది, పది సాంచలు (బట్ట నేసే మరమగ్గాలు) చూసుకుంటాడు. కూలి మీటరు లెక్కన. సాంచ ఆపితే ఆపినంతసేపు తన కూలే పోతుంది. అందుకే పోగు తెగితే, పట్టా జారితే నడుస్తుండగానే వేలు పెడతాం. నేనూ పెట్టాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. నా ఎడమ చిటికెన వేలు కొన వంకరగా అతుక్కుంది, నాడెను కొట్టే పికింగ్ కట్టె తగిలింది.

ఆసామి (సాంచల యజమాని) కూడా పెద్ద సేటేం కాదు, అతనూ ఒకప్పుడు కార్మికుడే. అతన్ని తిట్టి లాభం లేదు. కానీ ఆగిన టైముకు కూడా ఎంతో కొంత కూలి కట్టిస్తేనే మనిషి ధైర్యంగా ఆపుతాడు. తాళం సంగతి తర్వాత, ముందు ఆపడానికి భయపడకుండా ఉండాలి. పట్టాలకు జాలీ కూడా లేదు చాలా షెడ్లలో. జాలీ బిగిస్తే నూనె పోయడానికి అడ్డమని తీసి గోడకు ఆనిస్తారు. నూనె పోసే గొట్టాన్ని జాలీ బయటికి పొడిగిస్తే అయిపోయేదానికి వేళ్లు పోగొట్టుకుంటున్నాం.

---

గిర్ని రైతు (హుజూరాబాద్)
6 జనవరి, రాత్రి 9:05

మాకు ఊళ్లో చిన్న గిర్ని ఉంది. పిండి, కారం, పసుపు పడతాం. ఒక విషయం అందరికీ తెలియాలని రాస్తున్నాను.

బావుల దగ్గర మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్లం కదా, కరెంటు రాగానే దానంతటదే మోటారు నడిచేది. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు వాటిని తీసేయమని ఊరూరా తిరిగి చెప్పారు. అట్లా తీసిన ఒక డబ్బాను మా అన్న పారేయడం ఎందుకని గిర్ని మోటారుకు బిగించాడు. ఒకరోజు కారం పడుతుంటే కరెంటు పోయింది. వదిన హాపరులో ఇరుక్కున్న మిరపకాయలను పుల్లతో కదిలిస్తోంది. పుల్ల కాబట్టి సరిపోయింది. కరెంటు వచ్చిన చప్పుడు కూడా లేదు, ఒక్కసారే మోటారు లేచింది, పుల్ల ముక్కలై మొహం మీద పడింది.

మంచి స్టార్టర్‌లో నో వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటు పోతే అది వదిలేస్తుంది, మళ్లీ మనిషి నొక్కితే తప్ప మోటారు లేవదు. ఆ కాయిల్ కాలిపోయిందని స్టార్టర్ హ్యాండిల్‌ను తాడుతో కట్టి నడిపే గిర్నీలు నేను చూశాను. దయచేసి ఆ తాడు విప్పేయండి. కరెంటు పోయింది కదా అని చెయ్యి పెట్టడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

---

ఆపరేషన్ థియేటర్ అక్క (హనుమకొండ)
7 జనవరి, ఉదయం 7:20

నేను నర్సుని. పత్తి సీజన్, వరికోతల సీజన్ వచ్చిందంటే మాకు చేతుల కేసులు వస్తాయి. వేళ్లను తీసుకొచ్చే పద్ధతి చూస్తే ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది. ఒకాయన ఉప్పులో పెట్టి తెచ్చాడు. ఇంకొకరు పసుపు దట్టించి తెచ్చారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు మనిషిని చూడండి, వేలు తర్వాత. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. వేళ్ల కేసుల్లో చాలావరకు అంతటితోనే రక్తం ఆగుతుంది. మిగిలిన వేళ్లకు ఉంగరం ఉంటే వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రాదు. తోలు పట్టుకుని వేలాడుతున్న వేలిని కోసేయొద్దు, అదే తోలులో రక్తనాళం బతికి ఉండొచ్చు. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏదీ వద్దు.

తెగిన ముక్కను మంచినీళ్లతో మెల్లగా కడగండి, రుద్దొద్దు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, పాలిథిన్ కవరులో పెట్టి మూతి గట్టిగా కట్టండి. ఆ కవరును ఐసు కలిపిన నీళ్లలో పెట్టండి. ఐసు వేలికి నేరుగా తగలకూడదు, తగిలితే కండ గడ్డకట్టి చచ్చిపోతుంది. ఇట్లా చల్లగా ఉంచితే వేలికి దాదాపు 24 గంటల దాకా అవకాశం ఉంటుంది, మామూలు వేడిలో 12 గంటలు. మణికట్టు దగ్గర తెగితే కండ ఎక్కువ కాబట్టి అందులో సగం టైమే. ఇక్కడి నుంచి హైదరాబాద్ మూడు గంటల దారి. కంగారులో ఐసు ముక్కల్లో వేయాల్సిన పని లేదు. బయలుదేరే ముందు మైక్రో సర్జరీ చేసే డాక్టరు ఆ ఆసుపత్రిలో ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, అక్కడికి పోయాక ఇంకో చోటికి పొమ్మంటే ఆ గంట పోయినట్టే.

ఫిట్టర్ తమ్ముడూ, నీ మనసులో ఉన్నది నాకు అర్థమైంది. కత్తితో కోసినట్టు తెగిన వేలికి అతికే అవకాశం ఎక్కువ. స్క్రూలో నలిగిన వేలికి రక్తనాళాలే చితికిపోతాయి. నువ్వు సరిగ్గా ప్యాక్ చేసి తెచ్చినా చాలా మటుకు ఇదే జరిగేది. ఆ టిఫిన్ డబ్బా గురించి నిన్ను నువ్వు తినేసుకోకు.

---

జిన్నింగ్ ఫిట్టర్ (వరంగల్)
7 జనవరి, రాత్రి 11:18

అక్కా, మీ చివరి రెండు లైన్లు నాలుగుసార్లు చదివాను. థాంక్స్.

కాకా, ఇవాళ పోయి చూశాను. మా ప్యానెల్లో ఐసోలేటర్లకు తాళం పట్టే రంధ్రం ఉంది. ఇన్నేండ్లలో ఆ రంధ్రం దేనికో నేను ఆలోచించలేదు.

ఇంకో సమస్య వచ్చింది. ఆసుపత్రి బిల్లు మిల్లువాళ్లు కట్టారు. కానీ నష్టపరిహారం అడిగితే "మూత అతనే తీశాడు, మేం తీయమన్నామా" అంటున్నారు. యాభై వేలు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. అతను పెట్టేసేలా ఉన్నాడు, ఇంట్లో బియ్యం లేవు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డు ఎవరికీ లేదు. ఏం చేయాలి?

---

కార్మిక వకీలు (హనుమకొండ)
8 జనవరి, ఉదయం 8:45

సంతకం పెట్టనివ్వకండి. పెట్టినా కంగారు లేదు, ఎందుకంటే ఈ ప్రమాదం జరిగిన 2024 డిసెంబరులో అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో సెక్షన్ 17 ప్రకారం పరిహారం హక్కును వదులుకుంటూ రాసిన ఏ ఒప్పందమూ చెల్లదు. అయినా పెట్టకపోవడమే మంచిది, తర్వాత కొట్లాట తగ్గుతుంది.

ఈఎస్ఐ లేదంటే మిల్లువాళ్లు ఎగ్గొట్టారని అనుకోవద్దు. ఈఎస్ఐ సీజనల్ ఫ్యాక్టరీలకు వర్తించదు. పత్తి జిన్నింగు, ప్రెస్సింగు మాత్రమే చేసే మిల్లు ఆ లెక్కలోకే వస్తుంది. అందులోనే నూనె మిల్లో, స్పిన్నింగో కలిసి ఉంటే సంగతి మారుతుంది, అది కనుక్కోండి. మన జిల్లాల్లో వేలమంది జిన్నింగు కార్మికులకు ఈ ముక్క తెలియదు. ఈఎస్ఐ లేనప్పుడు 1923 చట్టమే దిక్కు, అదేం చిన్న దిక్కు కాదు.

2025 జనవరి నాటికి ఆ చట్టం లెక్క ఇట్లా ఉంది. ఆ చట్టం మొదటి షెడ్యూలులో ఏ వేలికి ఎంత సంపాదనశక్తి పోయినట్టో రాసి ఉంది. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం. చూపుడు వేలు మొత్తం 14, మధ్య వేలు 12. ఒకే చేతికి రెండు వేళ్లు పోతే 20. నాలుగు వేళ్లు పోతే 50. నెల జీతంలో 60 శాతం తీసుకుని వయసును బట్టి ఇచ్చిన ఫ్యాక్టరుతో గుణించాలి. జీతం ఎంత ఎక్కువున్నా 15,000 దాకే లెక్క, 2020 జనవరి నుంచి ఇది పరిమితి. ముప్పై ఏండ్లకు ఫ్యాక్టరు 207.98. మీవాడి జీతం 15,000 అనుకుంటే 9,000 ఇంటూ 207.98, అంటే 18,71,820. అందులో 20 శాతం 3,74,364 రూపాయలు. యాభై వేలు ఎక్కడ, ఇది ఎక్కడ. వైద్యం ఖర్చు దీనికి వేరు, అది యజమానే భరించాలి. పనికి పోలేని రోజులకు కూడా చట్టంలో లెక్క ఉంది.

ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేండ్లలోపు లేబర్ డిపార్టుమెంటులో కమిషనర్ ముందు కేసు వేయాలి. డబ్బు ఇవ్వాల్సిన నాటి నుంచి నెల దాటినా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం దాకా పెనాల్టీ. కాంట్రాక్టరు పెట్టిన మనిషైనా మిల్లు యజమాని తప్పించుకోలేడు.

ఇప్పుడే చేయాల్సింది: డిశ్చార్జి కాగితాలు, ఎక్స్‌రేలు దాచుకోండి. జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్, లేకపోతే హాజరు పుస్తకం పేజీ ఫోటో తీసుకోండి. ప్రమాదం నాటికి అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం మనిషి 48 గంటలు పనికి రాలేకపోయిన ప్రమాదాన్ని యజమాని ఫ్యాక్టరీల శాఖకు తెలపాలి, తెలిపారా అని అడగండి.

---

రైస్‌మిల్ సూపర్‌వైజర్ (సుల్తానాబాద్)
8 జనవరి, మధ్యాహ్నం 2:10

వకీలు గారూ, ఒక అనుమానం. రక్షణ కోసం పెట్టిన గార్డును (మిషను మూత, జాలీ లాంటిది) కార్మికుడు కావాలని తీసేస్తే పరిహారం ఇవ్వక్కర్లేదని నేను విన్నాను. అది నిజం కాదా? నేను యాజమాన్యం తరఫున అడగడం లేదు, రేపు మా మిల్లులో జరిగితే ఏం చెప్పాలో తెలియాలి కదా.

---

కార్మిక వకీలు (హనుమకొండ)
8 జనవరి, సాయంత్రం 6:30

నిజమే, ఆ 1923 చట్టం సెక్షన్ 3లో ఉంది. రక్షణ కోసం పెట్టినదని తెలిసి, కావాలని గార్డు తీస్తే, లేదా భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరిస్తే, యజమానికి బాధ్యత లేదు. చనిపోయినా, పూర్తిగా పనికిరాకుండా పోయినా మాత్రం ఈ మినహాయింపు పనిచేయదు.

కానీ ఇక్కడ ఆ మూత తీయడమే అతని పని. ఫిట్టర్ "మూత తియ్" అన్నాడు. మూత తీయకుండా ముద్ద ఎట్లా తీస్తాడు? అది ధిక్కారం కాదు. ఇక అజాగ్రత్త, కావాలని చేయడం రెండూ ఒకటి కాదు. అజాగ్రత్త వల్ల జరిగినా పరిహారం వస్తుంది.

ఫిట్టర్ తమ్ముడూ, ఇక్కడ నీతో గట్టిగా ఒక మాట. ఆ "తియ్" అన్నది నువ్వే. అది నువ్వు కమిషనర్ ముందు చెప్పాలి. నీ ఉద్యోగానికి ఇబ్బంది రావచ్చు. అయినా నువ్వు చెప్తేనే కేసు నిలబడుతుంది.

---

బేళ్ల ప్రెస్సు (జమ్మికుంట)
9 జనవరి, ఉదయం 9:50

విషయం కొంచెం పక్కకు, కానీ చేతుల గురించే. ప్రెస్సులో, గ్రీజు గన్‌లో ప్రెషరు చాలా ఎక్కువ ఉంటుంది. పైపుకు సూదిమొన అంత చిల్లు పడితే ఆయిలు దారంలా వస్తుంది, కంటికి ఆనదు. ఎక్కడ లీకు ఉందో చూద్దామని నేను పైపు మీద చెయ్యి రాసుకుంటూ పోయాను. చీమ కుట్టినట్టయింది. వేలి మీద చిన్న చుక్క, రక్తం కూడా లేదు. తుడుచుకుని పని చేసుకున్నాను. తెల్లారేసరికి చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. ఆయిలు చర్మం కింద నుంచి అరచేతిలోకి పోయిందట. మూడు ఆపరేషన్లు అయ్యాయి, వేలు మిగిలింది గానీ వంగదు.

లీకు చూడాలంటే ముందు ప్రెషరు దించండి. నడుస్తుండగా చూడక తప్పకపోతే దూరంగా నిలబడి అట్టముక్క అడ్డం పెట్టండి. చుక్క అంత గాయమే కదా అని ఊరుకోవద్దు, ఆ గంటే ఆసుపత్రికి పోయి "ప్రెషరు ఆయిలు లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పండి.

---

ఇద్దరు పిల్లల అమ్మ (కరీంనగర్)
10 జనవరి, రాత్రి 10:20

నేను మిషన్లు ఎరగను. మా ఆయనకు నాలుగేండ్ల కింద ఒక వర్క్‌షాపులో పవర్ ప్రెస్సు కింద కుడిచేతి బొటనవేలు పోయింది. ఆ అబ్బాయి భార్య ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

గాయం మానడం ఒక్కటే కాదమ్మా. మొదటి ఆరు నెలలు ఆయన మా ఎవరి ముందూ తినలేదు. బొటనవేలు లేకుండా అన్నం కలపడం చూడలేదు కదా మీరెవరూ. ముద్ద పట్టు దొరకదు, నోటి దగ్గరికి వచ్చేలోపు జారిపోతుంది. చెంచా ఇస్తే విసిరికొట్టాడు. పెళ్లిళ్లకు పోతే చేతి మీద తువ్వాలు వేసుకునేవాడు. లేని వేలు దురద పెడుతోందని అర్ధరాత్రి లేచి కూర్చునేవాడు. నేను మతి పోయిందేమో అని భయపడ్డాను. ఫిజియోథెరపీ మేడమ్ అది చాలామందికి వస్తుందని చెప్పి, అద్దం ముందు మంచి చేతిని కదిలిస్తూ చూసుకోమంది. రోజూ పదిహేను నిమిషాలు. నెమ్మదిగా తగ్గింది.

కుట్లు మానగానే ఫిజియోథెరపీకి తీసుకుపోండి, ఆలస్యమైతే మిగిలిన వేళ్లు కూడా బిగుసుకుపోతాయి. మేం డబ్బు లేక రెండు నెలలు ఆగాం, ఆ రెండు నెలలకు ఇప్పటికీ అనుభవిస్తున్నాం. ఇంకోటి, సదరం (వికలాంగుల) సర్టిఫికెట్‌లో వచ్చే శాతం, వకీలు గారు చెప్పిన శాతం రెండూ వేరు వేరు. మాకు సదరంలో 40 రాలేదు, పింఛను లేదు. పరిహారం కేసుకు దానితో సంబంధం లేదని తెలియక మేం అసలు కేసే వేయలేదు. రెండేండ్లు దాటిపోయాయి.

---

రైస్‌మిల్ సూపర్‌వైజర్ (సుల్తానాబాద్)
16 జనవరి, రాత్రి 8:00

పండక్కి మిల్లు మూడు రోజులు బంద్ ఉంది. ఆ మూడు రోజులు ఈ పేజీలోని మాటలే తిరిగాయి నా బుర్రలో. కరీంనగర్ అమ్మ రాసింది మా ఆవిడకు కూడా చదివి వినిపించాను.

గ్లవ్స్ గురించి కాకా అడగమన్నట్టు మా హమాలీలను అడిగాను. బీహార్ కుర్రాడొకడు చెప్పాడు, నిరుడు ఎలివేటరు పట్టాలో గ్లవ్ ఇరుక్కుంటే చెయ్యి లాక్కుని బతికాడట. నాకు చెప్తే తిడతానని చెప్పలేదట. అది విన్నాక నేను మొదటి రోజు ఇక్కడ రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆరు మామూలు తాళాలు కొన్నాను, ఒక్కోదానికి ఒక రంగు. ప్యానెల్ మీద పేర్లు తెలుగులో, హిందీలో రాయించి పైన ప్లాస్టిక్ అంటించాను. చదువు రానివాళ్ల కోసం ఎలివేటరుకు ఒక రంగు, షెల్లరుకు ఒక రంగు, మిషను మీదా ప్యానెల్ మీదా అదే రంగు టేపు. సేటు గొణిగాడు, మొత్తం ఖర్చు రెండు వేలు దాటలేదు. అయితే రిపేరుకు ముందు పది నిమిషాలు పోతున్నాయి. ఇవాళ లారీ ఆగి ఉంటే నాకే చెయ్యి ఆగలేదు, తాళం లేకుండా కానిచ్చేద్దామా అనిపించింది. కానివ్వలేదు.

---

పాత ఫిట్టరు (కాజీపేట)
16 జనవరి, రాత్రి 9:12

ఆ అనిపించడం మాత్రం పోదు సారూ. నాకు నలభై ఏండ్లు అనిపించింది. ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసేటప్పుడు ఒక్కొక్కరిదీ ఒక్కో తాళం పడేట్టు కొక్కెం దొరుకుతుంది, అది కూడా తెచ్చుకోండి. ఆఖరి మనిషి తన తాళం తీసేదాకా మిషను లేవకూడదు.

---

జిన్నింగ్ ఫిట్టర్ (వరంగల్)
2 ఫిబ్రవరి, రాత్రి 11:40

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. వకీలు గారు చెప్పినట్టే కేసు కాగితాలు ఇచ్చాం. "మూత తియ్" అన్నది నేనే అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. మేనేజరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పిలిచి, తాళాలకు ఎంత అవుతుందని అడిగాడు. పరిహారం గురించి ఇంకా తేలలేదు, వాయిదా ఉంది.

ఫిజియోథెరపీకి మా హెల్పరును వారానికి మూడు రోజులు నేనే బండి మీద తీసుకుపోతున్నాను. ఉంగరపు వేలుకూ బొటనవేలుకూ మధ్య స్పాంజి బంతి పెట్టి నొక్కిస్తున్నారు. మొన్న పెన్ను పట్టుకున్నాడు. కూతురు పేరు రాశాడు, అక్షరాలు పెద్దగా వచ్చాయి.

నిన్న జీతం కాగితం కోసం మిల్లుకు వచ్చాడు. లోపలికి రాడేమో అనుకున్నాను, వచ్చాడు. నేరుగా ప్యానెల్ దగ్గరికి పోయి నిలబడ్డాడు. స్క్రూ ఐసోలేటరుకు ఎర్ర తాళం వేసి ఉంది, అప్పుడే గ్రీజు పని నడుస్తోంది. ఎడమచేత్తో తాళాన్ని పట్టుకుని ఒకసారి గుంజి చూశాడు.

"చెవి ఎవరి దగ్గరుంది?" అన్నాడు.

నా జేబులోంచి తీసి చూపించాను.

"ఒకటేనా?"

తాళంతో పాటు రెండు చెవులు వస్తాయి కదా. రెండోది మేనేజరు సొరుగులో ఉందని చెప్పాను.

"అది కూడా తెచ్చుకో అన్నా" అన్నాడు.

పోయి తెచ్చుకున్నాను. ఇప్పుడు రెండూ నా దగ్గరే ఉన్నాయి.